గిన్నెలు తోమే బూడిదలో... 74 వేల ఏళ్ల చరిత్ర!

పూర్వం మన ఇళ్లలో గిన్నెలు తోమడానికి సబ్బులూ పొడులూ ఎక్కడివి? పొయ్యిలోని బూడిద, ఇంత చింతపండు, గుప్పెడు కొబ్బరిపీచు... అంతే! ఆ తర్వాత అంగళ్లలోకి పాత్రలు తోమే పొడి వచ్చింది. ఆ పొడిలో కలపడానికి ఓ ఊరి చేలల్లోంచి బూడిదను తవ్వి తరలించేవారు. విచిత్రమేమిటంటే అది ఏ పొయ్యిలోనూ కాలింది కాదు. సముద్రానికి అవతల, దాదాపు 2,600 కిలోమీటర్ల దూరంలో, 74 వేల ఏళ్ల క్రితం బద్దలైన ఓ అగ్నిపర్వతం నుంచి గాలిలో తేలుతూ వచ్చి పడింది. ప్రపంచంలోని చరిత్రకారులంతా ఆసక్తిగా చూసిన ఆ బూడిద దొరికిన ఊరు... మన రాయలసీమలోని జ్వాలాపురం!

పేరులో మంట, నేలలో బూడిద. ఎవరో ముందే తెలిసి పెట్టినట్టు ఎంత చక్కగా కుదిరిందో! ఆ పేరుకీ ఆ బూడిదకీ సంబంధం ఉందని చెప్పే ఆధారమేదీ లేదు. కానీ ఊరి కథ వింటే మాత్రం ఇంతకన్నా తగిన పేరు ఉండదనిపిస్తుంది.

ఎర్రమల కొండల ఒడిలో...

జ్వాలాపురం ఉన్నది బనగానపల్లె మండలంలో. మొన్నటిదాకా కర్నూలు జిల్లా. 2022 ఏప్రిల్‌లో జిల్లాల విభజన జరిగాక నంద్యాల జిల్లాలోకి వచ్చింది. బనగానపల్లెకు పడమరగా సుమారు పది కిలోమీటర్ల దూరంలో, ఎర్రమల కొండల మధ్యనున్న లోయలో ఉంటుందీ ఊరు. ప్రసిద్ధ శైవక్షేత్రం యాగంటికి పొరుగూరే.

లోయలో పారే ఏరు పేరు జుర్రేరు. పేరుకు ఏరే కానీ, ఏడాదంతా నీళ్లుండవు. వానలు పడితే ఉరకలేస్తుంది, ఎండలు ముదిరితే ఇసుకా గులకరాళ్లే మిగులుతాయి. తూర్పుకు పారి కుందూలో కలుస్తుంది. కుందూ వెళ్లి పెన్నలో కలుస్తుంది.

అటూ ఇటూ కొండలు చూస్తే ఎవరో కత్తితో పైభాగాన్ని సమంగా కోసినట్టు బల్లపరుపుగా ఉంటాయి. పైన గట్టి పలుగురాతి పొర, కింద సున్నపురాయి. వాన నీరు సున్నపురాతిని కొద్దికొద్దిగా కరిగించడంతో గుహలు ఏర్పడ్డాయి. యాగంటి గుహలైనా, బేతంచర్ల దగ్గరి బిల్లసర్గం గుహలైనా, కొలిమిగుండ్ల మండలంలోని బెలుం గుహలైనా ఆ నీటి పనే.

భూగర్భశాస్త్రం చదివే విద్యార్థులకు ఈ ప్రాంతం పాఠ్యపుస్తకం లాంటిది. ఇక్కడి రాతిపొరలకు శాస్త్రవేత్తలు పెట్టిన పేర్లన్నీ మన ఊళ్లవే. బనగానపల్లె, నర్జి, అవుకు, పాణ్యం, కోయిలకుంట్ల, నంద్యాల... ఈ పేర్లు బస్సు బోర్డుల మీదే కాదు, ప్రపంచవ్యాప్తంగా భూగర్భశాస్త్ర గ్రంథాల్లోనూ కనిపిస్తాయి. బనగానపల్లె పొరలోంచి ఒకప్పుడు వజ్రాలు తీసేవారు కూడా.

ఆ రోజు ఏం జరిగింది?

ఇండోనేసియాలోని సుమత్రా దీవిలో తోబా అనే పెద్ద సరస్సు ఉంది. పొడవు సుమారు 100 కిలోమీటర్లు, వెడల్పు 30 కిలోమీటర్లు. ఇవాళ అక్కడికి పర్యాటకులు వెళ్తుంటారు. పడవల్లో విహరిస్తుంటారు. నిజానికి అది ఓ అగ్నిపర్వతం పేలి కుంగిపోగా మిగిలిన గుంత!

74 వేల ఏళ్ల క్రితం తోబా బద్దలైంది. గత ఇరవై లక్షల ఏళ్లలో భూమ్మీద ఇంత పెద్ద పేలుడు మరొకటి జరగలేదంటారు శాస్త్రవేత్తలు. బయటికొచ్చిన శిలాద్రవం 2,800 ఘనపు కిలోమీటర్లని ఒక అంచనా. ఆ లెక్క మన ఊహకు అందాలంటే దగ్గరి చరిత్రలోని ఉదాహరణ చూడాలి. 1815లో అదే ఇండోనేసియాలో తంబోరా పేలింది. ఆ దెబ్బకు మరుసటి ఏడాది ఐరోపా, అమెరికాల్లో ఎండాకాలమే రాలేదు. పంటలు పోయి జనం ఆకలితో అల్లాడారు. తోబా దానికన్నా పదుల రెట్లు పెద్దది!

ఆ బూడిద బంగాళాఖాతం దాటి భారతదేశమంతటా కురిసింది. అరేబియా సముద్రం అడుగునా, ఆఫ్రికాలోని మలావీ సరస్సు అడుగునా కూడా దాని ఆనవాళ్లు దొరికాయి. జుర్రేరు లోయలో నేరుగా పడింది కొన్ని సెంటీమీటర్ల మందమే. తర్వాత వానలకు చుట్టూ ఉన్న కొండవాలుల మీది బూడిదంతా కొట్టుకొచ్చి లోయ అడుగున పేరుకుంది. అలా జ్వాలాపురంలో కొన్నిచోట్ల రెండున్నర మీటర్ల మందం అయింది. అంటే నిలువెత్తు మనిషిని దాటేంత! కాలక్రమంలో దానిమీద మళ్లీ మట్టి చేరింది. ఆ మట్టిలోనే ఇప్పుడు పైర్లు పెరుగుతున్నాయి.

తోబా బూడిద మన దేశంలో ఇక్కడొక్కచోటే లేదు. మధ్యప్రదేశ్‌లోని సోన్ నది లోయలో, మన సగిలేరు లోయలో కూడా ఉంది. కానీ జ్వాలాపురం ప్రత్యేకత వేరు.

బూడిద కిందా మనిషే... పైనా మనిషే!

తోబా పేలుడు తర్వాత ఏళ్ల తరబడి ఎండ సరిగా తగల్లేదని, చలి ముదిరి చెట్లూ జంతువులూ నశించాయని, ప్రపంచం మొత్తమ్మీద మనుషులు కొన్ని వేల మందే మిగిలారని ఒక సిద్ధాంతం ఉంది. 1990ల్లో అది బాగా ప్రచారంలోకి వచ్చింది. మరి బూడిద దట్టంగా కురిసిన మన దేశంలో అప్పుడు మనుషులున్నారా? ఉంటే ఏమయ్యారు?

ఈ ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ 2000ల తొలినాళ్లలో ధార్వాడ్‌లోని కర్ణాటక విశ్వవిద్యాలయం ఆచార్యుడు రవి కొరిశెట్టర్, అప్పట్లో కేంబ్రిడ్జిలో పనిచేస్తున్న మైకేల్ పెట్రాగ్లియా నాయకత్వంలో పరిశోధకుల బృందం జుర్రేరు లోయకు వచ్చింది. బూడిద కోసం తవ్విన గుంతలు అప్పటికే ఊరి చుట్టుపక్కల ఉన్నాయి. ఆ గుంతల గోడల్లో మూడు పొరలు స్పష్టంగా కనిపించేవి. కింద పాత మట్టి, మధ్యలో తెల్లటి బూడిద, పైన కొత్త మట్టి.

ముందుగా ఆ బూడిద ఎక్కడిదో తేల్చారు. అగ్నిపర్వతం బూడిద అంటే కట్టెలు కాలిన బూడిద కాదు, గాజు నలుసులు. ఏ అగ్నిపర్వతం నలుసుల్లో ఏ మూలకాలు ఎంత పాళ్లలో ఉంటాయో దానికే ప్రత్యేకం. ఒకరకంగా వేలిముద్ర లాంటిది. జ్వాలాపురం నలుసుల వేలిముద్ర తోబాతో సరిపోయింది. తర్వాత బూడిద కింద తవ్వారు. రాతి పనిముట్లు దొరికాయి! పైన తవ్వారు. అక్కడా రాతి పనిముట్లే!

మట్టిలోని రేణువులు ఆఖరుసారిగా ఎండను ఎప్పుడు చూశాయో లెక్కగట్టే పద్ధతిలో వయసు తేల్చారు. కింది పొర సుమారు 77 వేల ఏళ్లనాటిది, పై పొర సుమారు 74 వేల ఏళ్లనాటిది. రెండు పొరల్లోని పనిముట్ల తయారీ తీరు చాలావరకు ఒకేలా ఉంది. అంటే అంత ఉపద్రవం వచ్చినా ఇక్కడి మనుషులు పూర్తిగా తుడిచిపెట్టుకు పోలేదు. నిలదొక్కుకున్నారు. లేదంటే కొద్దికాలానికే అలాంటి పనిముట్లు చేసేవాళ్లు మళ్లీ ఇక్కడికి చేరారు. ఈ వివరాలతో 2007 జులైలో ప్రఖ్యాత పరిశోధన పత్రిక ‘సైన్స్’లో వ్యాసం వెలువడింది. దాంతో జ్వాలాపురం పేరు ప్రపంచమంతా మార్మోగింది.

వాదోపవాదాలూ మొదలయ్యాయి. ఆ పనిముట్లు చేసింది మనలాంటి ఆధునిక మానవులేనని పెట్రాగ్లియా బృందం వాదన. మనవాళ్లు ఇండియాకు వచ్చింది ఆ తర్వాతేననీ, ఆ పనిముట్లు అంతకుముందున్న వేరే మానవజాతివి కావచ్చనీ మరికొందరి వాదన. ఆ పొరల్లో మనిషి ఎముక దొరకలేదు కాబట్టి చర్చ తెగలేదు. అయితే తోబా మానవజాతిని అంచుదాకా నెట్టిందన్న నమ్మకం మాత్రం సడలుతూ వచ్చింది. దక్షిణాఫ్రికా తీరంలో తోబా ముందూ తర్వాతా మనుషులు ఇబ్బంది లేకుండా బతికారని 2018లో ఒక బృందం ప్రకటించింది. సోన్ లోయలోని ఢాబా అనే చోట కూడా తోబాకు ముందూ వెనకా మనుషులున్న ఆధారాలను 2020లో ప్రకటించారు. ఈ దారిలో ముందు నడిచిన ఊళ్లలో మన జ్వాలాపురం ఒకటి.

కొండచరియ కింద కాపురాలు

ఈ ఊరి కథ బూడిదతో అయిపోలేదు. కొండచరియ కింద నీడనిచ్చే రాతిపంచలు ఉన్నాయిక్కడ. వాటిలో ఒకదాన్ని తవ్వితే గోరంత సైజులో చెక్కిన సన్నటి రాతి పలకలు, పూసలు, మనిషి పుర్రె ముక్కలు బయటపడ్డాయి. ఆ చిన్న పనిముట్లలో అన్నిటికన్నా పాతవి 35 వేల ఏళ్లనాటివి. తరాల తరబడి అదే చరియ కింద జనం తలదాచుకున్నారన్నమాట. అప్పట్లోనే పూసలు గుచ్చుకున్నారంటే అలంకరణ మీద మోజు ఎంత పాతదో చూడండి!

లోయ చుట్టుపక్కల రాళ్లమీద ప్రాచీన చిత్రాలున్నాయి. బనగానపల్లె దగ్గరి పాతపాడు పేరు మీద పురావస్తు శాస్త్రవేత్తలు ఒక రకం రంగు కుండలకు ‘పాతపాడు కుండలు’ అని పేరే పెట్టుకున్నారు. బిల్లసర్గం గుహల్లో 1884-85లోనే రాబర్ట్ బ్రూస్ ఫుట్ తన కొడుకుతో కలిసి తవ్వకాలు జరిపించి పాత జంతువుల ఎముకలు సేకరించాడు. మనదేశంలో పాత రాతియుగం ఆనవాళ్లను మొదట గుర్తించిన ఘనత ఆయనదే.

నవాబులు... బసవన్న... బ్రహ్మంగారు

చరిత్ర ఇటువైపు నడిచొస్తే బనగానపల్లె ఒక సంస్థానం. నవాబుల ఏలుబడిలో ఉండేది. 1948లో భారతదేశంలో విలీనమైంది. యాగంటి దారిలోని నవాబు బంగళాను చూసి, ఎక్కడో చూసినట్టుందే అనుకునేవారు చాలామంది. 2009లో వచ్చిన ‘అరుంధతి’ సినిమాలో కనిపించింది అదే. అప్పట్నుంచీ దాని పేరే అరుంధతి బంగళా అయిపోయింది.

యాగంటిలో ఉమామహేశ్వరుడు కొలువయ్యాడు. కోనేట్లో కొండల్లోంచి వచ్చే ఊటనీరు నిత్యం పారుతుంటుంది. ఇక్కడి నందీశ్వరుడు ఏటికేడు పెరుగుతున్నాడని, అగస్త్య మహర్షి శాపం వల్ల ఇక్కడ కాకులు కనిపించవని భక్తుల నమ్మకం.

పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామి బనగానపల్లెలో గరిమిరెడ్డి అచ్చమ్మగారి ఆవులు కాస్తూ, రవ్వలకొండ గుహలో కాలజ్ఞానం రాశారని చెబుతారు. కడప జిల్లా కందిమల్లాయపల్లెలో ఆయన సజీవ సమాధి పొందారు. కలియుగాంతాన యాగంటి బసవన్న లేచి రంకె వేస్తాడని ఆయన చెప్పారన్నది సీమలో పసిపిల్లలకూ తెలిసిన మాట. ముందు రాబోయే ప్రళయం గురించి చెప్పిన మహానుభావుడు నడయాడిన నేల ఇది. ఎప్పుడో వచ్చి వెళ్లిన ప్రళయం గుర్తులూ అదే నేలలో, ఆ పక్క లోయలోనే ఉండటం ఎంత విశేషం!

జొన్నరొట్టె, నాపరాయి

ఇక్కడ ఏడాదికి పడే వాన 700 మిల్లీమీటర్లు మించడమే కష్టం. అదీ సమయానికి పడుతుందన్న నమ్మకం లేదు. నల్లరేగడి ఉన్నచోట శనగ, పత్తి, జొన్న. ఎర్రనేలల్లో కంది, వేరుశనగ. కాలువ నీళ్లు అందినచోట వరి. చేనుకు రాళ్లడ్డం, ఇంటికి రాళ్లే అండ. గోడలకు, గచ్చుకు, గట్టుకు, పశువుల కొట్టానికి అన్నిటికీ నాపరాళ్లే. బేతంచర్ల బండలంటే రాష్ట్రమంతా తెలుసు. సేద్యం దెబ్బతిన్న ఏడు ఎందరికో ఆ రాతి గనులూ, పాలిష్ మిషన్లే కూడుపెట్టాయి.

తిండీ అంతే గట్టిది. పొద్దున ఉగ్గాని, బజ్జీ. మధ్యాహ్నం జొన్నరొట్టె, గోంగూర పప్పు, శెనక్కాయల పొడి. పండగొస్తే ఓళిగలు. ఎండాకాలమొస్తే చెప్పక్కర్లేదు... బంగినపల్లి మామిడి! ఈ గడ్డ పేరు ఇంటింటికీ చేర్చింది ఆ పండే. 2017లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. పీర్ల పండగొస్తే సీమ పల్లెల్లో హిందువులూ ముస్లింలూ కలిసే సవారీ ముందు నడుస్తారు. తిరునాళ్లలో ఎద్దులతో బండలాగుడు పోటీలు పెడితే చుట్టుపక్కల ఊళ్లన్నీ కదిలొస్తాయి.

బస్తాలకెక్కిన చరిత్ర

ఇలాంటి మెట్టనేలలో చేను కింద అమ్ముకోదగ్గ సరుకేదైనా దొరికితే రైతు వదులుకుంటాడా? జ్వాలాపురంలో జరిగింది అదే. బూడిద పిండిలా మెత్తగా ఉంటుంది. పారకు సులువుగా తెగుతుంది. దాన్లోని గాజు నలుసుల అంచులు పదునుగా ఉండటంతో మసినీ జిడ్డునూ ఇట్టే గీకేస్తాయి. పాత్రలు తోమే పొడికి అంతకన్నా ఏం కావాలి? అలా బూడిద తవ్వకం ఒక వ్యాపారమైంది. బూడిద బస్తాలకెక్కి ఊరు దాటింది. తవ్వేవాళ్లకు కూలి దొరికింది. ఆ సన్నటి గాజు ధూళిని ఏళ్లతరబడి పీలిస్తే ఊపిరితిత్తులకు చేటన్న సంగతి మాత్రం ఎవరూ అంతగా పట్టించుకోలేదు.

ఇందులో ఊరివాళ్లను తప్పుపట్టడానికేం లేదు. చిత్రమేమిటంటే, శాస్త్రవేత్తల కంటికి ఆ పొరలు అంత స్పష్టంగా కనబడింది కూడా ఆ తవ్వకాల గుంతల వల్లే! కానీ ఏ తవ్వకం ఆ చరిత్రను బయటపెట్టిందో ఆ తవ్వకమే దాన్ని మింగేస్తూ వచ్చింది. ఇలా వదిలేస్తే సాక్ష్యం మిగలదని పరిశోధకులు ఆందోళన చెందుతూ వచ్చారు.

రాతి పనిముట్లను తీసి భద్రపరిచాక ఇంక బూడిదతో పనేముంది అనిపించొచ్చు. అసలు కిటుకంతా అక్కడే ఉంది. పనిముట్టు ఒక్కటే చేతికిస్తే అది ఏ కాలానిదో చెప్పడం కష్టం. బూడిద కింద దొరికితే తోబాకు ముందుది, పైన దొరికితే తర్వాతిది. అంటే ఆ తెల్లటి పొర చరిత్ర పుస్తకంలో పెట్టిన గుర్తు లాంటిది. దాన్ని లాగేస్తే పేజీలు కలిసిపోతాయి. పైగా కొత్త పరికరాలూ కొత్త పద్ధతులూ వచ్చినప్పుడల్లా పరిశోధకులు మళ్లీ ఆ పొర దగ్గరికి రావాల్సిందే. ఇవాళ తెగని వాదన రేపు తేలాలన్నా అక్కడ తవ్వడానికి ఏదో ఒకటి మిగిలి ఉండాలి కదా!

ఒక్క గోడ చాలు

ప్రకృతి విశేషాలను కాపాడుకోవడం మనకు కొత్తేం కాదు. తిరుమల శిలాతోరణం, విశాఖ దగ్గరి ఎర్రమట్టి దిబ్బలు, ఉమ్మడి కడప జిల్లా మంగంపేట ముగ్గురాయి నిక్షేపాలు... ఇవన్నీ జాతీయ భూగర్భ స్మారకాల జాబితాలో ఉన్నవే. మంగంపేటలో గని పనీ సాగుతోంది, గుర్తింపూ దక్కింది. అంటే బతుకుతెరువుకీ వారసత్వానికీ వైరం ఉండాల్సిన పనిలేదన్నమాట.

జ్వాలాపురానికి మొత్తం లోయను కంచె వేసి మూసేయక్కర్లేదు. మూడు పొరలూ కనిపించే ఒకటి రెండు గుంతల గోడలను ఉన్నవి ఉన్నట్టు ఉంచి, వానకు కరిగిపోకుండా పైన ఒక రేకుల షెడ్డు వేసి, తెలుగులో నాలుగు మాటలు రాసిపెడితే చాలు. యాగంటికి వచ్చే యాత్రికుల్లో పదోవంతు మంది అటు తిరిగినా ఊళ్లో కుర్రాళ్లకు దారి చూపే పని దొరుకుతుంది. కొండలు చూడ్డానికి బెలుం దాకా వచ్చే బడిపిల్లలకు మరో పాఠం దొరుకుతుంది. బస్తా బూడిదకు వచ్చే డబ్బు ఒక్కసారే. చూడ్డానికి వచ్చేవాళ్లు మాత్రం ఏటా వస్తూనే ఉంటారు.

కరవు రాయలసీమకు కొత్త కాదు. వాన రాని ఏడు, పంట పోయిన ఏడు, వలసపోయిన ఏడు... ఇక్కడి ముసలివాళ్లు కాలాన్ని లెక్కపెట్టేది ఇలాగే. ఆ లెక్కలో అన్నిటికన్నా పాత ఏడు జుర్రేరు లోయలో తెల్లటి గీతగా ఉంది. ఆ ఏడు ఆకాశం నుంచి వాన బదులు బూడిద కురిసింది. అయినా ఆ గీతకు పైన మళ్లీ ఎవరో కూర్చుని, రాయి చెక్కుకుని, బతుకు మొదలుపెట్టారు. ఇవాళ అదే మట్టిలో రైతు విత్తనం వేస్తున్నాడు. ఆ సంగతి చెప్పే సాక్షి ఆ బూడిద ఒక్కటే. కాస్త మిగలనిద్దాం!

వెళ్లాలంటే...

నంద్యాల నుంచి గానీ కర్నూలు నుంచి గానీ ముందు బనగానపల్లె చేరుకోవాలి. అక్కణ్నుంచి యాగంటి వైపు వెళ్లి జ్వాలాపురం చూడొచ్చు. ఉదయం యాగంటి దర్శనం, ఆ తర్వాత జ్వాలాపురం లోయ, దారిలో నవాబు బంగళా, రవ్వలకొండ, సాయంత్రానికి బెలుం గుహలు... ఒక్కరోజులో చుట్టిరావచ్చు. చలికాలం అనువైనది. గుంతలున్నవి రైతుల చేలల్లో కాబట్టి ముందుగా వాళ్లనడిగి, ఊళ్లో ఒకరిని తోడు తీసుకెళ్లడం మంచిది. కనిపించిన రాయిని జేబులో వేసుకోకుండా ఎక్కడిదక్కడే వదిలి రావడం ఇంకా మంచిది!